ఉయ్యాలో వరుసలో ఒక సిద్ధాంతం

బోధన్, శక్కర్‌నగర్
డిసెంబర్ 14

పెద్దబాపుకు,

ఈ పొద్దున బస్టాండు దగ్గర చెరుకు ట్రాక్టరు ఆగింది. మా కాలేజీ అమ్మాయిలు ఇద్దరు వెనక నుంచి ఒక గడ లాగి, విరిచి, గొడుగులో దాచుకున్నారు. వానా లేదు, ఎండా లేదు. గొడుగు ఎందుకు తెచ్చారో అప్పుడు అర్థమైంది. నన్ను చూసి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు. నేనూ గుడ్ మార్నింగ్ అని వచ్చేశాను. 

ఫోనులో నా మాట మీకు వినబడదు. మీకు వినబడేటంత గట్టిగా నేను మాట్లాడలేను. చెవి మిషను మీరు పెట్టుకోరు. అందుకే ఉత్తరం.

కాలేజీకి తనిఖీ వాళ్లు వస్తారట. ప్రతి సబ్జెక్టు వాళ్లు ఒక అధ్యయనం చేసి పెట్టాలని ప్రిన్సిపాల్ మేడం చెప్పారు. గెస్ట్ లెక్చరర్లలో నేనే చిన్నదాన్ని కాబట్టి లెక్కలది నా మీద పడింది. "గణితంలో విద్యార్థినుల ఫలితాలపై ప్రభావం చూపే అంశాలు" అని పేరు. నేను ప్రశ్నలు రాసి కాగితాలు పంచాను. తండ్రి వృత్తి ఏమిటి, ఇంట్లో చదువుకునే చోటు ఉందా, లెక్కలంటే భయమా, ఇలాంటివి. తిరిగొచ్చిన కాగితాలన్నింటిలో ఒకే జవాబులు ఉన్నాయి. ఆటో నడిపే ఆయన కూతురు వర్ష కూడా తండ్రి వ్యవసాయం చేస్తాడని రాసింది. అడిగితే, "ముందు బెంచిల సింధూజ గదే రాసింది మేడం. ఆమెది కరెక్టే ఉంటది గదా" అంది.

ఒక్క కాగితం మాత్రం వేరుగా ఉంది. కోటగిరి నుంచి వచ్చే జ్యోతిరాణిది. నిజానికి ఆమె ఇప్పుడు మా విద్యార్థిని కాదు. పోయిన ఏడు డిగ్రీ అయిపోయింది, ఆల్జీబ్రా పేపరు ఒక్కటి మిగిలింది. మూడు మార్కులతో పోయింది. అడిగి వచ్చి చివరి బెంచిలో కూర్చుంటుంది. తల్లి లేదు. తండ్రి మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తాడు. నాయనమ్మ దగ్గర ఉంటుంది. మే నెలలో ఈ పేపరు పాసైతే బి.ఎడ్.లో చేరుతుంది. పాస్ కాకపోతే ఇక చదువు చాలని తండ్రి ఫోనులో చెప్పేశాడట. "లెక్కలంటే భయమా?" అన్న ప్రశ్న దగ్గర ఆమె, "లెక్కలంటె కాదు, మర్చిపోతనేమో అని" అని రాసింది.

దాని అర్థం నాకు తెలియలేదు. ఇన్నేళ్లు లెక్కలు చెప్పిన మీకు తెలుసా?

మీ
రెబెకా


నిజామాబాద్, కంఠేశ్వర్
డిసెంబర్ 22

బిడ్డా రెబెకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సింధూజ జవాబు దగ్గర నవ్వితే మీ పెద్దమ్మ వంటింట్లో నుంచి వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను. "నువ్వు చెప్పిన పిల్లలు గూడ గంతేగా" అని పోయింది. నిజమే.

ఆ కాగితాలు పడేయకు. అందరూ ఒకే జవాబు రాయడమే నీ అధ్యయనంలో మొదటి ఫలితం. తప్పు రాస్తామన్న భయంతో తండ్రి పనిని కూడా పక్కదాని కాగితంలో చూసి రాసే పిల్లలకు నువ్వు లెక్కలు చెప్తున్నావు.

జ్యోతిరాణి రాసినదాని అర్థం నాకు ఊహ ఉంది గానీ చెప్పను. వెళ్లి చూడు. కోటగిరి ఎంత దూరం! నీ కాన్వెంటు సిస్టర్లు నీకు ఇంగ్లీషు నేర్పారు, పరికిణీ మడత నలగకుండా కూర్చోవడం నేర్పారు. ఒకరి తలుపు కొట్టడం మాత్రం నేర్పలేదు. అది నేను ఎన్నిసార్లు చెప్పినా నీకు రాలేదు.

క్రిస్మస్‌కు వస్తావుగా. వచ్చాక నా గదిలో కూర్చుని పుస్తకం చదువుకుందువు గానీ, ఎవరితోనూ మాట్లాడమని బలవంతం చేయను.

నీ పెద్దబాపు
సత్యానందం


బోధన్, శక్కర్‌నగర్
జనవరి 11

పెద్దబాపుకు,

కోటగిరి వెళ్లాను. తలుపు కొట్టే అవసరం రాలేదు. ఇంటికి తాళం ఉంది. అందరూ నాట్లలో ఉన్నారని పక్కింటావిడ చెప్పి, కాలువ గట్టు మీద నడవమంది.

యాసంగి వరి నాట్లు. మడిలో పదిమంది ఆడవాళ్లు వంగి, నారు పెడుతూ వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నారు. పాట వినబడింది. బతుకమ్మ వరుస. దగ్గరికి వెళ్లేదాకా మాటలు తెలియలేదు. తెలిశాక గట్టు మీదే నిలబడిపోయాను.

లెట్ జీ బీ ఏ గ్రూపు ఉయ్యాలో
హెచ్ ఈజ్ ఏ సబ్‌గ్రూపు ఉయ్యాలో
ఆర్డరు ఫైనైటు ఉయ్యాలో
కోసెట్లు తీసుకో ఉయ్యాలో

పాడుతున్నది జ్యోతిరాణి. మిగతావాళ్లు "ఉయ్యాలో" అందుకుంటున్నారు. లగ్రాంజ్ సిద్ధాంతం మొదటి నుంచి చివరి దాకా, గైడులో ఉన్నది ఉన్నట్టు. ఒక చోట ఆగిపోయింది. పక్కన అంజవ్వ అనే ఆమె, "ఏమాయెనే, మర్చిపోయినవా? మల్ల మొదటికెళ్లి ఎత్తుకో" అంది. మళ్లీ మొదటి నుంచి పాడింది.

నన్ను చూసి సిగ్గుపడింది. వాళ్ల నాయనమ్మ లక్ష్మవ్వ మాత్రం నడుం మీద చేయి పెట్టుకుని లేచింది.

"నువ్వేనా లెక్కల మేడమువు? గింత సన్నగున్నవ్. పోరగాండ్లు భయపడ్తరా నీకు?"

"భయపడరు అవ్వా."

"భయం లేకుంటె సదువెట్లొస్తది?"

అంజవ్వ అడిగింది, "గా లగ్రాంజి అన్నది ఎవరు మేడం? ఆడామెనా?"

"కాదు. ఫారిన్ ఆయన."

"సూడు ఎట్లున్నదో! ఫారినోనికి గూడ మనమే పాడాల్నా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత గట్టు మీద కూర్చుని జ్యోతి చెప్పింది. పేపరులో వచ్చే సిద్ధాంతాలన్నీ ఆమె ఇలాగే పాటలు కట్టుకుంది. మా కాలేజీలో లెక్కలు చెప్పే పరమేశ్వర్ సార్ ప్రతి ఏడూ ఇంపార్టెంట్ ప్రశ్నలు గుర్తుపెట్టి ఇస్తారు. వాటికి వరుసలు కట్టుకుని, నాట్లలో, కలుపులో పాడుకుంటుంది. పరీక్ష హాల్లో పెదవులు కదలకుండా పాడుకుంటూ రాస్తుంది. "ఒక్క లైను జారితే మధ్యలకెళ్లి అందది మేడం. మొదటికెళ్లి ఎత్తుకోవాలె. పోయినసారి గట్లనే టైం అయిపోయింది" అంది. మర్చిపోతానేమో అన్న భయం ఇదే.

కోసెట్ అంటే ఏమిటని అడిగాను. కొంచెంసేపు ఆలోచించి, "నాలుగో లైనుల వస్తది మేడం" అంది.

ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను. ఇక పాట వద్దని చెప్పాను. అర్థం చేసుకుని రాస్తే మర్చిపోయే భయమే ఉండదని చెప్పాను. సరే మేడం అంది. వారంలో మూడు రోజులు సాయంత్రం క్లాసు అయ్యాక చెప్తానన్నాను.

మీ
రెబెకా


నిజామాబాద్
ఫిబ్రవరి 2

బిడ్డా రెబెకా,

నాకు నచ్చలేదు. నచ్చనిది నచ్చలేదనే రాస్తాను.

ఆ అమ్మాయికి మూడు మార్కులు తక్కువయ్యాయి. పాటతోనే అంత దూరం వచ్చింది. ఇంకో రెండు చరణాలు గట్టిపడితే పాసవుతుంది. ఎక్కడ జారుతోందో చూసి అక్కడ బలపరచు. మధ్యలో నుంచి ఎత్తుకోవడం నేర్పు. అంతే చాలు.

ఈత రాని మనిషి తాడు పట్టుకుని కాలువ దాటుతోంది. సగం దాటింది. నువ్వు ఇప్పుడు తాడు విడిపించి, నడి కాలువలో ఈత నేర్పుతానంటున్నావు. ఈత మంచిదే. ఈతే మంచిది. కానీ పరీక్ష మేలో ఉంది బిడ్డా. ఆల్జీబ్రా అర్థం కావడానికి నాకే రెండేళ్లు పట్టింది. అందులో మొదటి ఏడాది అర్థమైందనుకున్నాను.

ముందు పాస్ కానీ. బి.ఎడ్. చేరనీ. రేపు పిల్లలకు చెప్పేటప్పుడు అర్థం దానంతటదే వస్తుంది. అలా వచ్చినవాళ్లను నేను చూశాను.

మీ పెద్దమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. నిన్ను అడిగింది.

సత్యానందం


బోధన్
మార్చి 9

పెద్దబాపుకు,

అలా రానివాళ్లను నేను చూశాను. వాళ్లే మాకు స్కూల్లో, కాలేజీలో చెప్పారు.

కోపంతో రాయడం లేదు. నిన్న జరిగింది చెప్తాను.

బోర్డు మీద గడియారం గీశాను. పన్నెండు గంటలు, పైన పన్నెండుకు బదులు సున్నా. సున్నా, నాలుగు, ఎనిమిది, ఈ మూడింటికి ఎర్ర సుద్దతో సున్న చుట్టాను. ఇది చిన్న గుంపు అన్నాను. ఒక్కో దాన్ని ఒక గంట ముందుకు జరపమన్నాను. ఒకటి, అయిదు, తొమ్మిది వచ్చాయి. జ్యోతి వాటికి పచ్చ సుద్ద చుట్టింది. ఇంకో గంట జరిపింది. ఇంకో రంగు. ఇంకో గంట. పన్నెండూ అయిపోయాయి. ఆమె బోర్డు ముందు నిలబడి వేలితో ఒక్కొక్కటీ తాకింది.

"మేడం, ఒక్కటి గూడ మిగుల్తలేదు."

"ఊఁ."

"ఒకదాన్ల ఉన్నది ఇంకోదాన్ల లేదు. అన్నిట్ల మూడు మూడే ఉన్నయ్. గందుకే మూడుతోని పన్నెండు శేషం లేకుండ తెగుతది. గందుకేనా మేడం! గింతేనా!"

"అంతే. లగ్రాంజ్ చెప్పింది ఇదే. ఈ నాలుగు రంగులే కోసెట్లు."

ఆ నాలుగు రంగులనూ మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. తర్వాత నవ్వుతూ, "ఇన్ని దినాలు నేనేం పాడిననో ఇయ్యాల ఎరుకైంది" అంది. బస్సు టైం అయినా వెళ్లలేదు. అయిదు గంటలు జరిపితే ఏమవుతుంది, ఏడింటి చిన్న గుంపు ఎందుకు కుదరదు అని తనే వేసి చూసింది. చేతులకు, ముఖానికి సుద్ద అంటుకుంది. చదువు చెప్పడం మొదలుపెట్టాక నేను ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

పాట పూర్తిగా మానేసింది. నాట్లయిపోయి ఇప్పుడు కలుపుకు వెళ్తోంది. అక్కడ కూడా పాడటం లేదట. "మేడం వద్దన్నది" అంటే అంజవ్వ నన్ను తిట్టిందని చెప్పి నవ్వింది.

మీ
రెబెకా


నిజామాబాద్
ఏప్రిల్ 3

రెబెకా,

ఆ గడియారం సంగతి చదివి నాకూ సంతోషమైంది. అబద్ధం చెప్పను.

ఒక్కటే అడుగుతాను. అర్థమైందాన్ని ఆమె చేత ఇంగ్లీషులో, కాగితం మీద, గడియారం పెట్టుకుని టైం చూస్తూ ఒక్కసారైనా రాయించావా?

పెద్దబాపు


బోధన్
ఏప్రిల్ 19

పెద్దబాపుకు,

రాయిస్తాను. ఇంకా నార్మల్ సబ్‌గ్రూప్స్ పాఠాలు మిగిలాయి. అవి అర్థం కాకుండా రాయించి లాభం లేదు. జ్యోతి వచ్చినప్పుడల్లా కొత్త ప్రశ్నలు అడుగుతోంది. కొన్నింటికి నేను ఇంటికి వచ్చి పుస్తకం చూసుకుని జవాబు చెప్పాల్సి వస్తోంది.

ఎండలు బాగా ఉన్నాయి. పెద్దమ్మను మధ్యాహ్నం బయటికి వెళ్లనివ్వకండి.

రెబెకా


బోధన్
జులై 12

పెద్దబాపుకు,

ఫలితాలు వచ్చాయి. జ్యోతిరాణి పాస్ కాలేదు. పోయినసారి కంటే తక్కువ వచ్చాయి. చాలా తక్కువ.

బి.ఎడ్. ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. డిగ్రీ లేకుండా సీటు ఇవ్వరు.

ఫోను చేస్తే ఎత్తలేదు. లక్ష్మవ్వ ఎత్తి, "పొలానికి పోయింది బిడ్డా" అంది. పొద్దున చేసినా అదే మాట, సాయంత్రం చేసినా అదే మాట.

ఏం జరిగిందో నాకు తెలియదు. ఆమెకు అన్నీ వచ్చు. నాకు తెలుసు, వచ్చు.

రెబెకా


నిజామాబాద్
జులై 29

బిడ్డా రెబెకా,

నీకు చెప్పకుండా కోటగిరి వెళ్లాను. మన చర్చి సంఘంలో ఉండే పాల్ రాజ్ వాళ్ల చెల్లెలి ఇల్లు అక్కడే. ఆమెను చూసే నెపం పెట్టుకున్నాను. ఆటో మడి దాకా పోలేదు. గట్టు మీద జారుతూ నడిచాను. ఈ వయసులో నన్ను చూస్తే నీకు నవ్వొచ్చేది.

నాట్లు పడుతున్నాయి. నువ్వు చెప్పిన ఆడవాళ్లే అనుకుంటా. ఎవరూ పాడటం లేదు. నా చెవి సంగతి తెలుసుగా, నాకే వినబడటం లేదేమో అనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే పెదవులు కూడా కదలటం లేదు.

లక్ష్మవ్వ గట్టెక్కి వచ్చింది. నాకు వినబడదంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"పాటెత్తేది నా మనుమరాలే సారూ! ఆమె ఎత్తకుంటె మాకు నడుం లేస్తలేదు. ఏమైందే అంటె యాదికొస్తలేదు అంటది. ఏ పాటా యాదికొస్తలేదట. బతుకమ్మ పాట గూడ!"

జ్యోతిరాణి కాళ్లు కడుక్కుని వచ్చింది. నేను అడగకుండానే చెప్పింది. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ప్రశ్న సూడంగనే నోట్లె పాట మొదలైంది సార్. మేడం వద్దన్నది గదా అని ఆపిన. ఆపి ఆలోచించిన. మంచిగనే సమజైంది. గడియారం బొమ్మ గీసిన. రంగుల పెన్నులు లెవ్వు, గీతలు పెట్టిన. బొమ్మ సరిగ్గొచ్చింది. గానీ దాన్ని ఇంగ్లీషుల ఎట్ల రాయాల్నో రాలేదు. గైడుల ఎట్లున్నదో యాదికి తెచ్చుకుందామంటె పాట తెగిపోయింది. గా ఒక్కదాని కాడనే సగం టైం పోయింది."

నువ్వు ఆమెకు తప్పు చెప్పలేదు. ఆమె తప్పు అర్థం చేసుకోలేదు. ఆ కాగితం దిద్దినవాడు కూడా తప్పు చేసి ఉండడు. రుజువు అడిగిన చోట బొమ్మ ఉంటే నేనైనా మార్కులు వేసేవాణ్ని కాదు.

"మేడంకు చెప్పకుండ్రి సార్, ఫికర్ జేస్తది" అంది. చెప్పనని మాట ఇచ్చి వచ్చాను. బస్సులో ఆలోచించాను. నీకు చెప్పాలనే అనిపించింది. నువ్వు పంతులమ్మవు. నీ విద్యార్థి ఎక్కడ ఆగిందో నీకు తెలియాలి.

ఇంకో మాట. నేను పాస్ చేయించిన వాళ్లు ఈ జిల్లా అంతా ఉన్నారు. భీమ్‌గల్ పోయినా ఎవరో ఒకరు నమస్తే సార్ అంటారు. వాళ్లలో ఎంతమందికి కోసెట్ అంటే ఏమిటో తెలుసో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ఆ మడిలో మోకాలి దాకా బురదతో నిలబడిన పిల్లకు తెలుసు. 

వచ్చే పరీక్షకు పాట మళ్లీ పట్టుకోమని నువ్వే చెప్పు. నేను చెప్తే విన్నట్టు తలూపింది, అంతే.

నీ పెద్దబాపు


బోధన్, శక్కర్‌నగర్
ఆగస్టు 24

పెద్దబాపుకు,

మీ ఉత్తరం అందింది. అందిన రోజునే జవాబు రాద్దామని కూర్చున్నాను. కోటగిరి వెళ్లొచ్చాక రాద్దామని ఆపేశాను.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక కోటగిరి వెళ్లాను. జ్యోతి ఇంట్లోనే ఉంది. కూర్చోమని పీట వేసింది, టీ పెట్టింది. కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

నేను చెప్పాల్సింది చెప్పాను. పాట మళ్లీ మొదలుపెట్టు, వచ్చే పరీక్షకు పాటతోనే రాయి, నేను పక్కన కూర్చుని లైను లైనూ సరిచేస్తాను అన్నాను. నేను వద్దనడం తొందరపాటని కూడా చెప్పాను.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. "పాడి సూసిన మేడం" అంది.

"ఏమైంది?"

"నాలుగో లైను కాడ ఆగుతున్న. కోసెట్లు తీసుకో అంటం గదా. ఎందుకు తీసుకోవాల్నో మనసుల వస్తంది. రెండు కోసెట్లు ఎందుకు తగల్తలేవు అని వస్తంది. గది ఆలోచిస్తుంటె అయిదో లైను పోతంది. ఇంతకు ముందు ఏం రాకపోతుండె. ఉత్తగ పాడుతుంటి."

"అలవాటైతే మళ్లీ వస్తుంది."

"ఏమో మేడం. ఒకసారి సమజైనంక, సమజు కానట్టు పాడనీకి వస్తలేదు."

లక్ష్మవ్వ గడప దగ్గర చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తకుండా అంది: "ఏం జేస్తం బిడ్డా. నువ్వు మంచిగనే జెప్తివి. పోరి మంచిగనే ఇనె." తర్వాత, "ఛాయ్ సల్లగైతది, తాగు" అంది.

బి.ఎడ్. సీట్లు అయిపోయాయి. తండ్రి మస్కట్ నుంచి ఫోను చేసి, ఇక చాలన్నాడట. జ్యోతి నాయనమ్మతో పాటు మోస్రా దాకా కలుపు పనికి వెళ్తోంది, పొద్దున్నే ఆటో వస్తుంది. వచ్చే పరీక్షకు ఫీజు కట్టమన్నాను. చూద్దాం మేడం అంది. కట్టదు.

నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చింది.  బస్సు కనబడ్డాక ఒక్కటి అడిగింది. "మేడం, గుంపుల ఎంతమంది ఉన్నరో గది దేనితోని తెగుతదో, ప్రతిదానికి ఒక చిన్న గుంపు ఉంటదా? పన్నెండు ఆరుతోని తెగుతది గదా. ఎప్పటికీ ఆరుగురి గుంపు ఉంటదా?"

అన్నిసార్లూ ఉండదు. పన్నెండు మంది ఉన్న ఒక గుంపులో ఆరుగురి చిన్న గుంపు లేదు. నేను ఎం.ఎస్సీ.లో చదివాను. అప్పుడు నాకు ఆ ప్రశ్న తోచలేదు. పుస్తకంలో ఉంటే చదివాను. బస్సు మెట్టు మీద నిలబడి, అన్నిసార్లూ ఉండదని చెప్పాను. ఆమె ముఖం ఒక్క క్షణం మార్చి నెలలో బోర్డు ముందు ఉన్నట్టు అయింది. "గట్లనా! ఎందుకుండదు?" అంది. డ్రైవరు బస్సు కదిలించాడు.

అధ్యయనం టైపు చేసి ఇచ్చేశాను. ఇంట్లో చదువుకునే చోటు లేకపోవడం, తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషుకు మారడం, తరగతికి రాకపోవడం, భయం, ఇవే రాశాను. అన్నీ నిజమే. జ్యోతి గురించి రాయడానికి ఏ శీర్షికా కుదరలేదు. ప్రిన్సిపాల్ మేడం చూసి, నీట్‌గా ఉంది, స్పైరల్ బైండింగ్ చేయించు అన్నారు.

మీరు అడగలేదు, నేనే చెప్తున్నాను. పోయిన సోమవారం నుంచి క్లాసులో నేనూ పరమేశ్వర్ సార్ లాగే ఇంపార్టెంట్ ప్రశ్నలు గుర్తుపెట్టించి, జవాబులు నేనే చెప్పి రాయిస్తున్నాను.

రెబెకా